టింబక్టు ఇమాం, హైదరాబాద్ సంపాదకుడు

మతం పేరిట తుపాకీ పట్టినవాడి ముందు మొదట మోకరిల్లవలసి వచ్చేది ఆ మతానికి చెందిన పేదలే. ఈ మాట బయటివారు అన్నప్పుడు సానుభూతిగా వినిపిస్తుంది. మన నాయకులు వేదికల మీద అన్నప్పుడు సంజాయిషీగా వినిపిస్తుంది. ఒక ముస్లిం దర్శకుడు ముస్లింల ఊరిని, ముస్లింల మస్జిద్‌ను, ముస్లింల గుడారాన్ని చూపిస్తూ చెప్పినప్పుడు మాత్రం అది సాక్ష్యమవుతుంది. 2014లో విడుదలైన ‘టింబక్టు’ చలనచిత్రం అటువంటి సాక్ష్యం. దర్శకుడు అబ్దుర్రహ్మాన్ సిసాకో మారిటేనియాలో పుట్టి, మాలీలో పెరిగి, మాస్కోలో సినిమా చదువుకున్నవాడు. కాన్ ఉత్సవంలో పోటీపడిన ఈ చిత్రం 2015లో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకత్వంతో సహా ఏడు సెజార్ పురస్కారాలు గెలిచింది. మారిటేనియా తరఫున ఆస్కార్ తుదిపోటీకి వెళ్లిన మొదటి చిత్రం కూడా ఇదే. అయితే పురస్కారాల కోసం కాదు, తెలుగు ముస్లింలు ఈ చిత్రాన్ని మరొక కారణం చేత చూడాలి. తీవ్రవాదాన్ని ప్రశ్నించే హక్కు ఎవరిది అన్న ప్రశ్నకు ఇందులో జవాబు ఉంది. ఆ జవాబు మన హైదరాబాద్ చరిత్రలోనూ ఉంది.

చేతి తొడుగుల చట్టం

మాలీ దేశపు ఉత్తరాన, సహారా అంచున, నైజర్ నదికి చేరువలో ఉన్న ఊరు టింబక్టు. సంకోరే, జింగరేబర్, సిదీ యహ్యా మస్జిద్‌లతో, ఇళ్లలో తరతరాలుగా దాచుకున్న చేతిరాత గ్రంథాలతో ఒకప్పుడు ఇస్లామీ విద్యకు అది పెద్ద కేంద్రం. 333 మంది వలీల ఊరని దానికి పేరు. 2012 ఏప్రిల్‌లో సాయుధ ముఠాలు ఆ ఊరిని ఆక్రమించాయి. అన్సార్ దీన్, దానితో చేతులు కలిపిన అల్‌ఖైదా మఘ్రిబ్ శాఖ అక్కడ పెత్తనం చేశాయి. 2013 జనవరి చివర ఫ్రెంచి, మాలీ సేనలు వచ్చేదాకా ఆ పాలన సాగింది. ఆ కాలంలోనే, 2012 జులైలో, అదే దేశంలోని అగెల్‌హోక్‌లో పెళ్లి కాకుండా కలిసి బతుకుతున్న ఒక జంటను రాళ్లతో కొట్టి చంపారు. ఆ వార్తే సిసాకో చేత ఈ చిత్రాన్ని తీయించింది.

చిత్రంలో పెద్ద యుద్ధాలు లేవు. భుజాన తుపాకులు వేసుకున్నవాళ్లు మైకు పట్టుకుని వీధుల్లో తిరుగుతూ రోజుకొక నిషేధం ప్రకటిస్తారు. పొగ తాగరాదు. పాట పాడరాదు. బంతి ఆడరాదు. ఊరికే వీధి అరుగు మీద కూర్చోరాదు. ఆడవాళ్లు మేజోళ్లు, చేతి తొడుగులు వేసుకోవాలి. సంతలో చేపలమ్మే ఒక స్త్రీని తొడుగులు వేసుకోమంటారు. నీళ్లలో చేపలు కడిగి కోసే చేతులకు తొడుగులెలా అని ఆమె మండిపడుతుంది. కావాలంటే నా చేతులే నరుక్కుపొండని కత్తి చూపిస్తుంది. ఆమె అడిగేది మత మీమాంస కాదు, పొట్టకూటి ప్రశ్న. చట్టం చేసినవాడు ఎన్నడూ చేప కడగలేదన్న సంగతి ఆ ఒక్క దృశ్యంతో తేలిపోతుంది.

ఆ దృశ్యం చూస్తున్నప్పుడు కర్ణాటక గుర్తుకు రాక మానదు. 2022 ఫిబ్రవరిలో అక్కడి ప్రభుత్వం యూనిఫాం పేరిట ఆదేశం ఇచ్చి, హిజాబ్ ధరించిన అమ్మాయిలను కాలేజీ గేటు బయట నిలబెట్టింది. ఒకడు కప్పుకో అంటాడు, ఒకడు విప్పు అంటాడు. ఇద్దరూ ఆమెను అడగరు. తొడుగును బలవంతంగా తొడిగించేవాడిని, పరదాను బలవంతంగా తీయించేవాడిని ఒకే కొలతతో కొలవగలిగినప్పుడే మన మాటకు బరువుంటుంది. ఒకరిని ఖండించి మరొకరి దగ్గర నోరు మూసుకుంటే, మనం మాట్లాడుతున్నది ఆమె హక్కు గురించి కాదని లోకానికి ఇట్టే తెలిసిపోతుంది.

రాత్రివేళ ఒక ఇంట్లోంచి పాట వినిపిస్తుంది. వెతుక్కుంటూ వెళ్లిన సాయుధుడు చెవి ఒగ్గి వింటాడు. అది అల్లాహ్‌ను, ఆయన ప్రవక్తను స్తుతించే పాట. వీళ్లను అరెస్టు చేయాలా వద్దా అని పైవాడిని ఫోనులో అడుగుతాడు. దక్కన్ ముస్లింలకు ఈ దృశ్యం వేరే దేశపుదిగా అనిపించదు. దర్గాల ఉర్సుల్లో ఖవ్వాలీ విని పెరిగినవాళ్లం, పల్లెల్లో పీర్ల పండుగకు ఊరంతా కదలిరావడం చూసినవాళ్లం. ఆ ఖవ్వాలీ, ఆ పీర్ల చావిడి అసలు దీన్ కాదని చెప్పేవాళ్లు మన బస్తీల్లోనూ ఉన్నారు. చెప్పడం వారి హక్కు, వినకపోవడం మన హక్కు. ఆ రెండు హక్కుల నడుమకు కొరడా వచ్చిన రోజున టింబక్టు మొదలవుతుంది. చిత్రంలో పాట పాడిన స్త్రీకి కొరడా దెబ్బల శిక్ష పడుతుంది. దెబ్బలు తింటూ ఆమె ఏడుపును పాటగా మార్చుకుంటుంది.

ఇమాం అడిగిన ప్రశ్న

ఈ చిత్రంలో నాయకుడెవరని అడిగితే చాలామంది పశువుల కాపరి కిదానే పేరు చెబుతారు. తన ఆవును చంపిన జాలరితో పెనుగులాటలో తుపాకీ పేలి, హంతకుడై, ఆ కొత్త పాలకుల కోర్టుకెక్కి ప్రాణం పోగొట్టుకున్న అభాగ్యుడతడు. కాని నా దృష్టిలో ఈ కథకు వెన్నెముక ఆ ఊరి ఇమాం. సాయుధులు చెప్పులతో, తుపాకులతో మస్జిద్‌లోకి వచ్చినప్పుడు ఆయన లేచి నిలబడతాడు. ఇది అల్లాహ్ ఇల్లు, ఇక్కడ నమాజు జరుగుతున్నది, బయటికి నడవండి అంటాడు. మేము జిహాద్ చేస్తున్నామని వాళ్లంటే, నా జిహాద్ నా నఫ్స్‌తో, నన్ను నేను బాగుచేసుకోవడంతో జరుగుతున్నదని జవాబిస్తాడు. ఒక సాయుధుడు ఒక అమ్మాయిని ఆమె తల్లి కాదన్నా బలవంతాన నికాహ్ చేసుకుంటే, ఆ అమ్మాయి తరఫున మాట్లాడటానికి మళ్లీ ఆయనే వెళ్తాడు. దయ ఎక్కడ, క్షమ ఎక్కడ, వీటన్నిటిలో అల్లాహ్ ఎక్కడ అని నిలదీస్తాడు.

ఆ ఇమాం పాశ్చాత్య మానవ హక్కుల పత్రాన్ని ఎత్తి చూపడు. ఆయన వాదన అంతా దీన్ లోపలిదే. తుపాకీ పట్టినవాళ్లకు ఆయన భయపడని కారణమూ అదే. వాళ్లు తమ సొత్తనుకుంటున్న దీన్ వాళ్ల కంటే తనకు బాగా తెలుసు. అల్లాహ్ పేరుతో వచ్చినవాడిని అల్లాహ్ పేరుతోనే ఆపగలిగినవాడు ఆ ఊరిలో ఆయనొక్కడే.

సాయుధుల్ని కూడా సిసాకో రాక్షసులుగా చూపించడు. వాళ్లలో ఒకడు దిబ్బల చాటున దొంగతనంగా సిగరెట్ కాలుస్తాడు. ఊళ్లో బంతి ఆటను నిషేధించినవాళ్లే తీరికవేళ జిదాన్ గొప్పా, మెస్సీ గొప్పా అని వాదించుకుంటారు. ఊరివాళ్ల భాష తెలియక దుబాసీని వెంటబెట్టుకుని తీర్పులు చెబుతారు. ప్రచార వీడియో కోసం కెమెరా ముందు నిలబెట్టిన ఒక కుర్రవాడికి తాను వల్లించే మాటల మీద తనకే నమ్మకం కుదరదు. నిన్నటిదాకా పాటలు పాడుకున్నవాడు వాడు. దర్శకుడు వాళ్ల నేరాన్ని ఎక్కడా తగ్గించలేదు. నేరం చేసేవాడు మనిషే, కనుక మన గల్లీలోని మనిషి కూడా ఆ దారిన పడవచ్చునని హెచ్చరించాడు. రాక్షసుడని అనుకుంటే మనకు సంబంధం తెగిపోతుంది. మనిషని అనుకుంటే బాధ్యత మొదలవుతుంది.

గోరీలు కూల్చిన చేతులు

సినిమాలో కల్పన ఉండవచ్చు. టింబక్టులో నిజంగా జరిగింది ఇంకా క్రూరమైనది. 2012 జూన్ చివరి నుంచి అన్సార్ దీన్ మనుషులు వలీల గోరీలను పలుగు పారలతో కూల్చారు. సిదీ యహ్యా మస్జిద్ పురాతన ద్వారాన్ని పగలగొట్టారు. ఆ కూల్చివేతకు నాయకత్వం వహించిన అహ్మద్ అల్‌ఫకీ అల్‌మహ్దీకి 2016 సెప్టెంబర్‌లో అంతర్జాతీయ నేర న్యాయస్థానం తొమ్మిదేళ్ల జైలు శిక్ష విధించింది. వారసత్వ కట్టడాల విధ్వంసాన్నే ప్రధాన నేరంగా విచారించిన మొదటి కేసు అది. ఫిర్యాదుదారులు ఎవరో విదేశీయులు కారు, ఆ గోరీల దగ్గర ఫాతిహా చదువుకున్న ముస్లింలు. గ్రంథాలను కాపాడినవారూ ముస్లింలే. అబ్దుల్ ఖాదిర్ హైదరా అనే గ్రంథాలయాధిపతి, ఆయన సహచరులు లక్షల కొద్దీ రాతప్రతులను పెట్టెల్లో పెట్టి, బండ్ల మీద, పడవల మీద రాజధాని బమాకోకు రహస్యంగా తరలించారు. కూలిన గోరీలను టింబక్టు తాపీ మేస్త్రీలే 2015 నాటికి మళ్లీ లేపారు.

గోరీ కూల్చే చేతికి మతం అడ్డురాదు. 2002 గుజరాత్ మారణకాండలో అహ్మదాబాద్‌లోని వలీ దక్కనీ సమాధిని నేలమట్టం చేసి, దాని మీద తారు రోడ్డు వేశారు. దక్కన్ నేల మీద నుంచి ఉర్దూ గజల్‌ను ఢిల్లీకి పరిచయం చేసిన కవి ఆయన. టింబక్టులో ‘ఇది షిర్క్’ అన్నారు, అహ్మదాబాద్‌లో ‘వీళ్లు పరాయివాళ్లు’ అన్నారు. నినాదం మారింది గాని, కలిసి బతికిన గుర్తుల మీద కసి మారలేదు.

ఈ మాట అన్న నోటితోనే మన ఊరి సంగతీ చెప్పుకోవాలి. 2024 అక్టోబర్ 14 తెల్లవారుజామున సికింద్రాబాద్ కుర్మగూడలోని ముత్యాలమ్మ గుడిలో విగ్రహం ధ్వంసమైంది. ఒకడిని స్థానికులు పట్టుకుని పోలీసులకు అప్పగించారు. అతడు ఈ ఊరివాడు కాదు. ఆ తరువాత బంద్, ఊరేగింపు, లాఠీచార్జీ అన్నీ జరిగాయి. లష్కర్ అని మనం పిలుచుకునే ఈ ఊరిలో మహంకాళి బోనాలు, మస్జిద్ అజాన్, చర్చి గంట ఒకే గాలిలో కలుస్తాయి. ముత్యాలమ్మ గుడి మీద పడ్డ దెబ్బ కూడా గోరీ మీద పడ్డ దెబ్బలాంటిదే. దాన్ని ఖండించడానికి మనం ఎవరి అనుమతి కోసమో, ఎవరి ఒత్తిడి కోసమో ఆగనక్కరలేదు. వలీ దక్కనీ గోరీకి న్యాయం అడిగే నోటికి ముత్యాలమ్మ గుడి గురించి మాట్లాడటం మొదటి అర్హత.

రెండు వైపుల నుంచీ సెగ

‘టింబక్టు’ చిత్రానికి ఎదురైన అనుభవం మనకు బాగా పరిచయమైనదే. 2015 జనవరిలో పారిస్‌లో షార్లీ ఎబ్దో పత్రిక మీద దాడి జరిగిన వెంటనే, పారిస్ శివారు పట్టణమైన విలియె సూర్ మార్న్ మేయర్ ఈ సినిమా ప్రదర్శనను ఆపించాడు. ఇది ఉగ్రవాదాన్ని సమర్థిస్తుందేమోనని ఆయన అనుమానం. విమర్శలు వెల్లువెత్తాక వెనక్కి తగ్గవలసి వచ్చింది. కొన్ని వారాలకే బుర్కినా ఫాసో రాజధాని వాగడూగులో జరిగే ఆఫ్రికా చలనచిత్రోత్సవంలో ఇదే సినిమాను వేయాలా వద్దా అన్న సందిగ్ధం వచ్చింది. ఈసారి భయం ఉగ్రవాదులే దాడి చేస్తారేమోనని. చివరికి గట్టి బందోబస్తు మధ్య వేశారు. ఒకచోట ఉగ్రవాదానికి మిత్రుడేమోనన్న అనుమానం, మరొకచోట ఉగ్రవాదానికి శత్రువన్న ప్రమాదం. తన సమాజపు తీవ్రవాదాన్ని ప్రశ్నించే ముస్లిం ఎక్కడున్నా ఈ రెండు సెగల నడుమనే నిలబడాలి.

మన దగ్గర ఈ స్థితి మరింత ఇరుకైనది. 2007 మే 18న మక్కా మస్జిద్‌లో జుమా నాడు పేలుడు జరిగితే, చనిపోయినవారి సమాజంలోంచే యువకులను పట్టుకెళ్లారు. నెలల తరబడి వేధించారు. తరువాత వారు నిర్దోషులని తేలింది. వేరే నిందితుల మీద నడిచిన కేసు 2018 ఏప్రిల్‌లో అందరి విడుదలతో ముగిసింది. ఆ పేలుడుకు బాధ్యులెవరో న్యాయస్థానంలో ఇంతవరకు తేలలేదు. ఇటువంటి అనుభవం ఉన్న సమాజం ‘తీవ్రవాదం’ అన్న మాట వినగానే ఒదిగిపోవడం సహజం. మన ఇంటి తప్పు మనమే చెబితే ఎదుటివాడి చేతికి కర్ర ఇచ్చినట్టవుతుందని పెద్దలు అంటారు. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసేయను. కాని ఒక ప్రశ్న అడుగుతాను. మనం చెప్పకపోతే ఎదుటివాడు చెప్పడం మానుకున్నాడా?

2024 మార్చిలో, లోక్‌సభ ఎన్నికల ముంగిట, ‘రజాకార్’ సినిమా విడుదలైంది. రజాకార్ల అకృత్యాలు కట్టుకథలు కావు. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో పారిన నెత్తురు నిజం. తెలంగాణ పల్లెలు ఆ గాయాన్ని మరవలేదు, మరవనవసరం లేదు. అయితే ఆ కాలాన్ని ఎన్నికల వేళ తవ్వితీసే ప్రచారంలో ‘రజాకార్’ అన్న మాట మెల్లగా ‘ముస్లిం’ అన్న మాటకు మారుపేరవుతుంది. రజాకార్లకు, పల్లెల్లో పెత్తనం చేసిన దేశ్‌ముఖులకు మధ్య ఉన్న పొత్తు మరుగున పడుతుంది. రజాకార్ల పాలన టింబక్టు పాలన వంటిది కాదన్నదీ గుర్తుంచుకోవాలి. వాళ్లు పాటను, ఆటను నిషేధించలేదు. నిజాం గద్దెను, జాగీర్లను కాపాడటానికి మతాన్ని జెండాగా కట్టుకున్నారు. కాని ఒక విషయంలో ఇద్దరూ ఒకటే. సమాజం తరఫున మాట్లాడే హక్కు తమ ఒక్కరిదేనని, కాదన్న ముస్లిం ద్రోహి అని ఇద్దరూ అన్నారు.

కాచిగూడ సంపాదకుడు

కాదన్న ముస్లింలు ఇక్కడ ఉన్నారు. ఉర్దూ దినపత్రిక ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లా ఖాన్ వారిలో ముందువరుసవాడు. ముప్పై ఏళ్లు కూడా నిండని ఆ యువకుడు నిజాం నిరంకుశత్వాన్ని, ఖాసిం రజ్వీ సేనల దౌర్జన్యాన్ని ఉర్దూలోనే ఎండగట్టాడు. హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో చేరాలని రాశాడు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్లను రద్దు చేయాలని, యూనియన్‌లో కలవాలని కోరుతూ ప్రకటన చేస్తే ‘ఇమ్రోజ్’ దాన్ని అచ్చువేసింది. ఆ ఏడుగురిలో ఒకరైన ఫరీద్ మీర్జా రజాకార్ల ఆగడాలను చూడలేక తహసీల్దారు ఉద్యోగానికి రాజీనామా చేసినవాడు. రజాకార్ల వైపు నుంచి చేతులు నరుకుతామన్న బెదిరింపులు వచ్చాయి. ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక, పత్రిక పని ముగించుకుని ఇంటికి నడుస్తున్న షోయబుల్లాను కాచిగూడ దగ్గర కాల్చి, రాసే చేతిని నరికారు. కొన్ని గంటల్లోనే ఆయన కన్నుమూశాడు.

ఎదుటి మతం వారు తనను ఎలా వాడుకుంటారోనని ఆలోచించి ఆయన కలం దించలేదు. ఆనాడు యూనియన్ సైన్యం సరిహద్దులో నిలిచి ఉంది. ‘ఇప్పుడు కాదు, ఈ సమయంలో కాదు’ అనడానికి ఆయనకు మనకంటే ఎక్కువ కారణాలే ఉన్నాయి. అయినా రాశాడు. టింబక్టు ఇమాం కల్పిత పాత్ర. కాచిగూడ సంపాదకుడు నెత్తురూ ఎముకా ఉన్న మనిషి. ఇమాంను చూసి మురిసిపోయే మనం మన సంపాదకుడిని మన పిల్లలకు ఎంతవరకు చెప్పాం? ఆయన పేరును జాతీయవాదపు సభల్లో ఇతరులు తలుచుకుంటారు. మన జల్సాల్లో ఎన్నిసార్లు వినిపించింది?

షోయబుల్లాను మన పక్షాన నిలుపుకుంటేనే మన రెండో సత్యాన్ని కూడా గట్టిగా చెప్పగలం. సెప్టెంబర్ 13 నుంచి 17 వరకు సాగిన పోలీసు చర్య తరువాత, రజాకార్లు చేసిన పాపానికి వేలాది నిరపరాధ ముస్లింలు బలయ్యారు. నెహ్రూ ప్రభుత్వమే పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం జిల్లాలు తిరిగి, తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు అల్మారాల్లో మూలిగింది. రజాకార్ల నేరాన్ని దాచే ముస్లింకు ఈ నివేదికను వెలుగులోకి తెమ్మనే నైతిక బలం ఉండదు. ఈ నివేదికను దాచే హిందూత్వవాదికి భైరాన్‌పల్లి గురించి కన్నీరు పెట్టే అర్హత ఉండదు. అదే నివేదికలో మరొక మాట ఉంది. ప్రాణాలకు తెగించి ముస్లిం పొరుగువారిని కాపాడిన హిందువులున్నారని, ముఖ్యంగా ముస్లిం నేతపనివారి కోసం హిందూ నేతపనివారు సాటి హిందువులతోనే పోరాడారని ఆ బృందం నమోదు చేసింది. మగ్గం కలిపిన చుట్టరికం అది. టింబక్టులో గ్రంథాలను మోసిన పడవలకు, మన పల్లెల్లో మనుషులను దాచిన ఇళ్లకు పెద్ద తేడా లేదు.

చేయవలసింది

ఈ చర్చ సినిమా సమీక్షతో ముగియకూడదు. మన బస్తీల గ్రంథాలయాల్లో, యువజన సంఘాల్లో, కాలేజీల్లో ‘టింబక్టు’ చిత్రాన్ని ప్రదర్శించి చర్చ పెట్టాలి. ఫోనులో ఎవరో చెప్పే సగం దీన్‌ను దీన్ అనుకునే కుర్రవాడికి, కెమెరా ముందు తడబడిన ఆ కుర్రవాడిని చూపించాలి. జుమా ఖుత్బాలో ఇమాంలు తమ వృత్తిబంధువైన ఆ ఇమాం వాదనను తమ మాటల్లో చెప్పాలి. ఆడపిల్ల నికాహ్‌కు ఆమె ఇష్టం తప్పనిసరి అన్న సంగతిని మాటవరసకు కాక, అడ్డుపడవలసిన చోట అడ్డుపడి చెప్పాలి. షోయబుల్లా ఖాన్ సంపాదకీయాలను వెతికి తెలుగులోకి తేవాలి. 1998లో ‘జల్‌జలా’, 2004లో ‘వతన్’ సంకలనాలతో తెలుగు ముస్లిం రచయితలు మన బాధను, మన లోపలి చీకటిని ఒకే పుస్తకంలో చెప్పే ధైర్యం చూపారు. ఆ దారి మనకు కొత్తది కాదు.

మైనారిటీ హక్కుల పోరాటానికీ, లోపలి తీవ్రవాదం మీద పోరాటానికీ నడుమ ఒకదాన్ని ఎంచుకొమ్మని మనల్ని ఎవరూ అడగలేరు. ప్రభుత్వం తప్పు చేస్తే ప్రశ్నించేది ఏ నోరో, మన పేరుతో కత్తి దూసేవాడిని ప్రశ్నించవలసినదీ ఆ నోరే. ఒకదానికి తాళం వేసి రెండోదాన్ని తెరవడం సాధ్యం కాదు. చేపలమ్మే ఆ తల్లి తొడుగులు వేసుకోలేదు. కాచిగూడ సంపాదకుడు కలం దించలేదు. వాళ్ల నడుమ సముద్రాలు, దశాబ్దాలు ఉన్నాయి. అయినా వాళ్లిద్దరూ కాపాడింది ఒకటే, తన దీన్ గురించి, తన బతుకు గురించి తానే మాట్లాడుకునే హక్కు. ఆ హక్కును వాడుకోవడం ఇప్పుడు మన వంతు.